బదులు మనిషి

మా ఇంటి ముందుగది పోస్టాఫీసు. అందులో నేను ఆరు నెలలు పోస్టుమాస్టరుగా కూర్చున్నాను. నా పేరు మీద కాదు, మా తోడికోడలు సాహితి పేరు మీద. ఆ ఆరు నెలల్లో ఒక్క ఉత్తరం తప్పిపోలేదు, ఒక్క పార్సిలు తడవలేదు. పోయిందల్లా సాహితి ఉద్యోగం ఒక్కటే.

అదెలా పోయిందని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే చెబుతారు, బిడ్డ పుట్టింది గదా, మానేసింది అని. నన్నడిగినా అదే చెబుతాను. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే అది అంత సులువుగా చెప్పగలుగుతున్నాను.

సాహితి మా ఇంటికి కోడలుగా రాలేదు, అద్దెకొచ్చింది. వెల్దుర్తి పిల్ల. పదో తరగతి మార్కుల మీద మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు వచ్చింది. ఆ ఉద్యోగంలో ఆఫీసుకు గదీ, తను ఉండటానికి ఊళ్ళో చోటూ తనే చూసుకోవాలి. కిరాణా కొట్టు బస్టాండు దగ్గరికి మార్చాక మా ముందుగది ఖాళీగా పడి ఉంది. మా అత్తయ్య కోటేశ్వరమ్మ అద్దె సంగతి అడగకముందు ఆ పిల్ల ఇంటిపేరు అడిగింది. ఇంటిపేరు చెప్పాక గోత్రం అడిగింది. రెండేళ్ళు తిరిగేసరికి సాహితి మా మరిది శ్రీనాథ్ భార్య అయింది. "పోస్టాఫీసుకు అద్దె అడగలేం ఇక" అని మా ఆయన నిట్టూర్చాడు. కొట్టు మనుషులం, పెళ్ళిలో కూడా తరుగు చూసుకుంటాం.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. జనవరి రెండో తారీకు నుంచి సాహితి ప్రసూతి సెలవు పెట్టింది. నూట ఎనభై రోజులు. అయితే ఆ ఉద్యోగంలో సెలవు కావాలంటే తన కుర్చీలో కూర్చునే మనిషిని తనే చూపించాలి. కాగితాల్లో సబ్‌స్టిట్యూట్ అని రాస్తారు, ఊళ్ళో బదులు మనిషి అంటారు. ఆ మనిషి తప్పు చేస్తే మాట పడాల్సింది సెలవు పెట్టినవాళ్ళే. కాబట్టి ఎవరైనా ఇంట్లోవాళ్ళనే కూర్చోబెడతారు. ఉత్తరాలు పంచే యల్లమంద ఉన్నాడు గానీ అతనికి మా ఊరు కాక మూడు పల్లెలు తిరగాలి.

నేను నరసరావుపేటలో బీకాం చదివాను. ఆ చదువు వల్ల ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి కలిగిన మేలు, సరుకుల చీటీ చక్కని దస్తూరీతో ఉండటం. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో చేరాక నా పనంతా పొద్దున పదకొండింటికల్లా అయిపోయేది. ఆ తర్వాత నేను గోడ గడియారాన్ని చూసేదాన్ని, అది నన్ను చూసేది.

"అక్కా, పొద్దున్నే ముద్రలో తేదీ మార్చు. మర్చిపోయావంటే ఊరంతా నిన్నట్లోనే ఉంటది" అని చెప్పి సాహితి కారెక్కింది. ఎక్కి, మళ్ళీ దిగి, నిండు కడుపుతో ముందుగదిలోకొచ్చి బల్ల సొరుగు తాళం సరిగ్గా పడిందో లేదో లాగి చూసి వెళ్ళింది.

మొదటి వారం నాకు భయం వేసింది. రెండో వారం సరదా వేసింది. మూడో వారం నుంచి తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంట్లోంచి ఇంట్లోకే ఆఫీసుకు పోయేదాన్ని. వంటింటికీ ముందుగదికీ మధ్య పదహారడుగులు. ఆ పదహారడుగులు నడిచేసరికి నేను ఇంకో మనిషినయ్యేదాన్ని.

నన్ను మొదట మేడం అన్నది యల్లమంద. సంచీ దించుతూ అలవాటు కొద్దీ "మేడం, ఇయ్యాల రిజిస్టర్లు ఎక్కువున్నయ్" అని, నాలిక కరుచుకుని "అదే, అమ్మా" అన్నాడు.

"ఏదో ఒకటిలే యల్లమందా" అన్నాను.

ఏదో ఒకటి కాదు. మర్నాడు అతని టీలో అల్లం దంచి వేశాను. ఆ తర్వాత అతను ఎప్పుడూ తప్పు పిలవలేదు.

మా ఊళ్ళో మిరప కోతలకు పోయే ప్రేమమ్మ రోజూ రెండుసార్లు గుమ్మంలో నిలబడేది, పొద్దున పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి. ఆమె కొడుకు బెంజిమిన్ ఐటీఐ సర్టిఫికెట్టు పోస్టులో రావాలి. అది రాకపోతే అతనికి హైదరాబాదులో ఖాయమైన పని పోయేటట్టుంది. ఫిబ్రవరిలో ఒకరోజు వచ్చింది. యల్లమంద పట్టుకుపోతానంటే వద్దని, నా చేత్తో ఇవ్వాలని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ప్రేమమ్మ ఒంటినిండా మిరపకాయ ఘాటుతో వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, కవరును అంచులతో పట్టుకుంది.

"నీ చెయ్యి మంచిదమ్మా పెద్దకోడలా. చిన్నకోడలున్నప్పుడు రెండు నెల్లు తిరిగినా రాలా" అంది.

పుట్టింటికి వెళ్ళేముందు సాహితి ఆ ఐటీఐకి రెండుసార్లు ఉత్తరం రాసింది, ఒకసారి ఫోను చేసి గట్టిగా అడిగింది. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాలుగు మాటలు చాలు.

"నాదేముందిలే ప్రేమమ్మా" అన్నాను, ఎంతో కొంత ఉందని తెలిసేటట్టు.

ఏప్రిల్లో మూడో నెల వెళ్ళాక సాహితిని, పాపను తీసుకొచ్చారు. సారె బుట్టలు ఇంకా కారులోనే ఉన్నాయి, సాహితి పాపను అత్తయ్య చేతుల్లో పెట్టి నేరుగా ముందుగదిలోకొచ్చింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఆ వేషంలోనే కుర్చీలో కూర్చుంది. కూర్చుని కాస్త పైకి లేచి కింద చూసింది.

"దిండేసుకున్నావా అక్కా?"

"నడుం పట్టేస్తోంది."

"బాగుంది. నాకు తోచలేదు చూడు ఇన్నేళ్ళు." గోడ మీది క్యాలెండరు తిప్పి జూలై పేజీ దగ్గర ఆగింది. "జూలై ఒకటికి నా కుర్చీ నాకిచ్చెయ్యాలి. దిండుతో సహా."

"తీసుకో తల్లీ. నాకు మాత్రం ఈ గోలేంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. రోజులు లెక్కపెట్టుకోవడం నాకూ వచ్చని అప్పుడు తెలిసింది.

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది. "ఏమే కన్యకా, బాలింత అక్కడ గాలికి కూచుందేందే. లోపలికి పంపు."

"వెళ్ళి పడుకో సాహితీ, నేను చూసుకుంటాలే" అన్నాను.

పడుకో, నేను చూసుకుంటాలే. ఆ ఎండాకాలం ఈ మాట రోజుకు పదిసార్లయినా అన్నాను. నీళ్ళు తోడుకుంటానంటే, నేను చూసుకుంటా. సంచీ కడతానంటే, నేను చూసుకుంటా. ఊళ్ళో నాకు మంచి పేరొచ్చింది. సొంత అక్క కూడా ఇంత చెయ్యదన్నారు. అది నిజమే, సొంత అక్క అయితే అంత చెయ్యదు.

మే నెలలో, పోస్టాఫీసు పనికి వాళ్ళిచ్చిన ఫోనులాంటి చిన్న మిషనులో పని చేసే పద్ధతి మొత్తం మార్చారు. కొత్త పద్ధతి నేర్చుకోవడానికి సత్తెనపల్లి రమ్మంటే నేనే వెళ్ళాను. గదినిండా కుర్రవాళ్ళు. మధ్యాహ్నం భోజనాలకు లేచేసరికి నాకు వచ్చేసింది. నేర్పే అబ్బాయి నన్ను చూపించి, "ఈ వయసులో ఈ మేడంకే వచ్చిందంటే మీకెందుకు రాదు" అని మిగిలినవాళ్ళను కసిరాడు. ఆ వయసు మాట తీసేసి మిగతాది ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

పది రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేని వేళ, పాపను ఉయ్యాల్లో వేసి సాహితి వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"కొత్తది చూపించక్కా. వచ్చే నెలాఖరుకి నేనే చెయ్యాలిగా."

చూపించాను. ఇది ఇక్కడ నొక్కి, అది అక్కడ, వెనక్కి వచ్చి, ఇది ఎంచుకుని. నా వేళ్ళు అంత వేగంగా కదలాల్సిన పని లేదు.

"ఒక్కసారి మళ్ళీ. నెమ్మదిగా."

"పాప లేచినట్టుంది" అన్నాను.

సాహితి లోపలికి పరుగెత్తింది. పాప లేవలేదు. ఆమె తిరిగొచ్చేసరికి మిషను సొరుగులో పెట్టేశాను.

"సిగ్నల్ పోయింది. రేపు చూద్దాంలే."

సిగ్నల్ నిండా ఉంది. సాహితి స్టూలు మీద కూర్చుని కాసేపు బల్లకేసి చూసింది. "అక్కా, నాకంతా మరుపొచ్చినట్టుంది. రాత్రిళ్ళు నిద్ర లేక బుర్ర మొద్దుబారింది. కూర్చుని తప్పులు చేస్తే పరువు పోద్దేమో."

అప్పుడు చెప్పాల్సింది ఒకటే. పూటలో వస్తది, నాకొచ్చింది, నీకు రాదా అని. అలాంటి మాటలు నాకు బాగా వచ్చు. మా అమ్మాయికి లెక్కలు రానప్పుడు ఎన్నిసార్లు చెప్పానో.

"పద్ధతి మాత్రం కష్టంగానే ఉందే. నాకే వారం పట్టింది" అన్నాను.

జూన్ మొదటి వారంలో సాహితి తనంతట తనే ఒకరోజు కూర్చుంటానంది. అలవాటవ్వాలి గదా అంది. నేను సరేనన్నాను, మంచిదాన్ని గనక. కానీ ఆ రోజు సోమవారం. ఆధార్లో ఫోను నంబర్లు మార్పించుకునే జనం వచ్చే రోజు. మంగళవారం కూర్చోమని ఉంటే యల్లమంద తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ సంగతి తనకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది.

పదింటికల్లా గది నిండిపోయింది. ఎండకు తలపాగాలు చుట్టుకున్న మగవాళ్ళు పదిమంది, ఆడవాళ్ళు నలుగురు, వాళ్ళలో ప్రేమమ్మ. సాహితి మిషనుతో కుస్తీ పడుతోంది. పది నిమిషాలకొకసారి "అక్కా, ఇదెక్కడుంటది" అని పిలిచేది, నేను వంటింట్లోంచి గరిటెతో వచ్చి, చూపించి వెళ్ళేదాన్ని. ఇంతలో పాప ఏడుపు అందుకుంది. పోతపాలు పట్టదు ఆ పిల్ల. అత్తయ్య ఎత్తుకుని తిప్పింది, జోకొట్టింది, సీసా చూపించింది. ఏడుపు పెరిగింది. సాహితి చెయ్యి ఒక పెద్దాయన ఆధార్ కార్డు మీద అట్లాగే ఆగిపోయింది. కొంగు ముందుకు లాక్కుంది. రవిక తడిసింది.

"ఏందమ్మా, ఇది ఆఫీసా, ఉయ్యాలా?" అన్నాడా పెద్దాయన. చెడ్డగా అనలేదు. అయినా నలుగురు నవ్వారు.

అత్తయ్య తలుపు తెర పక్కకు జరిపి నిలబడింది. "పదిమంది మొగోళ్ళని నిలబెట్టి ఎన్నిసార్లు లేస్తావే? బిడ్డ గొంతు ఆరిపోతంది."

బ్రాంచి పోస్టాఫీసు రోజుకు నాలుగు గంటలు. నాలుగు గంటల్లో పాపకు రెండుసార్లు పాలు పడితే సరిపోతుంది. ఆ రెండుసార్లూ పావుగంట చొప్పున నేను కూర్చుంటే చాలు, సాహితి ఉద్యోగం సాహితికే ఉండేది. ఇది నాకు ఇప్పుడు తట్టింది కాదు. గరిటె పట్టుకుని ఆ తలుపు దగ్గర నిలబడ్డప్పుడే తట్టింది.

"లే సాహితీ. పాప దగ్గరికెళ్ళు. నేనున్నాగా" అన్నాను.

ఆమె లేచింది. నేను కూర్చుని, ఉన్న జనాన్నంతా అరగంటలో పంపేశాను. ఏ పనీ అంత చక్కగా చేసి ఎరగను. చివర్న ప్రేమమ్మ మిగిలింది. తన పని అయ్యాక కూడా కదల్లేదు.

"ఇద్దరూ ఒకటే ఇంట్లో ఉన్నారు గదా పెద్దకోడలా. నువ్వు పక్కన కూచోని ఆ పిల్లకి కాస్త సాయం జేస్తే ఏంది?"

"రూలు ఒప్పుకోదు ప్రేమమ్మా."

"ఏ రూలు?"

"చానా ఉన్నయ్‌లే."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఉంటయ్, ఉంటయ్. కూచున్నోళ్ళకే తెలుస్తయ్ రూల్లు" అని చెప్పులేసుకుంది.

ఆ వారమంతా ఇంట్లో ఇదే మాట. శ్రీనాథ్‌ని అడిగితే "మీ ఆడోళ్ళు ఏదో ఒకటి అనుకోండి" అని సత్తెనపల్లిలో తన మందుల షాపుకు వెళ్ళిపోయేవాడు. మామగారు నరసింహంగారు పేపరు చదువుకునేవారు. మాట తేల్చింది అత్తయ్యే.

"దీనికింత ఆలోచనేంది? చిన్నది మానేస్తే పెద్దదానికి రాయిస్తరు. పనొచ్చిన మనిషి, ఆర్నెల్ల నుంచి కూచుంటంది. ఆఫీసు చూస్తే మనింట్లోనే ఉంది. యాడికి పోద్ది?"

వేరే ఇళ్ళల్లో అయితే ఈ మాటకు ఎవరో ఒకరు నవ్వి ఉండేవారు. మాకది న్యాయంగానే తోచింది. మూడు తరాలుగా కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళం. గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటే కొట్టు వాళ్ళదని తప్ప మా ఇంట్లో ఎవరికీ ఇంకో చట్టం తెలియదు. మామగారి తర్వాత మా ఆయన కూర్చున్నాడు, ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

బీకాం చదివినదాన్ని, నాకైనా అనుమానం రావాలి. వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే తనిఖీకి ఓవర్సీరు వచ్చాడు. మజ్జిగ తాగాడు, రిజిస్టర్లు చూసి మెచ్చుకున్నాడు, మోటారు సైకిలు తిప్పుకుంటూ "ఇంకేమన్నా ఉందా అమ్మా" అని కూడా అడిగాడు. ఏమీ లేదన్నాను. అడిగితే జవాబు చెబుతాడని భయం.

సాహితి నన్ను అడిగింది డాబా మీద. పొద్దు వాలింది, పిట్టగోడ ఇంకా కాలుతూనే ఉంది. పాప గుడ్డలు తీగ మీంచి తీసి మడతపెడుతున్నాం. నిమిషంలో ఎండే గుడ్డలు, అయినా సాయంత్రం దాకా ఉంచేవాళ్ళం, కాసేపు పైకి రావడానికి సాకుగా.

"అక్కా, నువ్వు చెప్పు. చేరనా, మాననా?"

"నీ ఇష్టం సాహితీ."

మా ఇళ్ళల్లో నీ ఇష్టం అంటే ఏమిటో కొత్తగా వచ్చిన పిల్లికి కూడా తెలుసు. సాహితి చేతిలోని లంగోటీని నాలుగు మడతలు వేసింది, విప్పి మళ్ళీ వేసింది.

"నాకు మానాలని లేదు. పెళ్ళికి ముందు మా నాన్న నాకు చెప్పులు కూడా తనే కొనుక్కొచ్చేవాడు, కాలికి సరిపోతయ్యో లేదో అడక్కుండా. ఈ ఉద్యోగం మాత్రం నాకెవరూ కొనివ్వలా. కానీ ఆ రోజు జనం ముందు..." ఆగింది. "నేను మానేస్తే నీకిస్తరంట గదా. అత్తయ్య అంటంది."

"ఏమో. ఇవ్వచ్చు."

"నీకిస్తే సరే అక్కా. బయటోళ్ళకి పోకుండా ఉంటే చాలు. పాప బడికి పోయేదాకా నీ దగ్గరుంచు. ఆ తర్వాత నాకిచ్చేద్దువు గానీ."

గిన్నో, కుట్టుమిషనో అడిగినట్టు అడిగింది. పక్కింట్లో పెట్టి పోతున్నా, వచ్చి తీసుకుంటా అన్నట్టు.

"ఇవ్వకుండా నేనెక్కడికి పోతానే" అన్నాను.

జూన్ ఇరవై ఏడో తారీకున రాజీనామా కాగితం రాసింది. ఒక్క కొట్టివేత లేదు. కవర్లో పెట్టి, అంటించి, బల్ల మీదికి జరిపింది. పోస్టాఫీసుకు రాజీనామా కూడా పోస్టులోనే వెళ్ళాలి. పైగా ఆ పోస్టాఫీసులోంచే వెళ్ళాలి. "రిజిస్టరు చెయ్యక్కా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నంబరు వేశాను. రశీదు తీశాను. ముద్ర వేశాను. గుండ్రంగా, చెరగకుండా, తేదీ చక్కగా కనబడేటట్టు పడింది.

యల్లమంద సంచీ కట్టడానికొచ్చి, ఆ కవరు మీది దస్తూరీ చూసి చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇది మేడందేగా?"

"ఊఁ."

"సత్తెనపల్లి బస్సు ఎళ్ళిపోయిందని చెబుతా. రేపు పంపిద్దాం మేడం." ఈసారి ఆ మేడం నేనో, ఆమో నాకు తెలియలేదు. "రేపటికి మనసెట్టుంటదో. పచ్చి బాలింత రాసింది పట్టించుకుంటమా?"

బస్సు హారన్ బజారు మలుపులో వినబడుతూనే ఉంది. అతను నావైపు చూస్తూ నిలబడ్డాడు. వేళ్ళు సంచీ తాడు ముడి మీదనే ఉన్నాయి.

"రిజిస్టరైంది ఆపకూడదు యల్లమందా" అన్నాను. "ఎక్కించిరా."

ఇలా జరిగిందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. యల్లమంద కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి మాత్రం నన్ను అమ్మా అనడం మొదలుపెట్టాడు.

జూలై రెండో వారంలో ఓవర్సీరు వచ్చాడు. రాజీనామా ఆమోదించారట. నేను ఇస్త్రీ చీరలోనే ఉన్నాను. అత్తయ్య మజ్జిగలో ఆ రోజు కొత్తిమీర కూడా వేసింది. "మా పెద్దకోడలి పేరు రాసుకోండి" అంది, ఓటర్ల జాబితా రాయడానికి వచ్చినవాళ్ళతో అన్నట్టు.

అతను మొహమాటపడ్డాడు. "అట్టా రాయడానికి ఉండదమ్మా. ఈమె సబ్‌స్టిట్యూట్. అసలు మనిషి ఉంటేనే గదా బదులు మనిషి. ఆమె మానేసిన రోజునే ఈమె పని కూడా అయిపోయినట్టు."

"మరి ఈ ఆరు నెలలు?" అన్నాను.

"చానా బాగా చేశారు." నిజంగానే అన్నాడు. "ఉద్యోగం ఆన్‌లైన్లో పడుతుంది. పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. మీవెన్ని?"

"నాలుగువందల పన్నెండు. ఆరువందలకి."

"వయసు?"

"నలభై ఒకటి."

అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నలభై దాటితే దరఖాస్తే తీసుకోరట. తాత్కాలికంగా ఛార్జి యల్లమందకు రాయించి, నా చేత నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. సాహితి పాపను భుజాన వేసుకుని తెర పక్కన నిలబడి అంతా విన్నది. ఓవర్సీరు వెళ్ళాక నేను కుర్చీ మీది దిండు తీశాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటే బాగుండేది. అత్తయ్య మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. సాహితి నా దగ్గరకొచ్చి, "నీక్కూడా పోయింది గదా అక్కా, నా వల్ల" అంది.

నా వల్ల, అంది. అప్పుడు చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. పాప నా చెవి కమ్మ పట్టుకుని లాగింది, దాన్ని విడిపించుకునేసరికి ఆ మాట దాటిపోయింది. పాపను సాకు చేసుకోవడం నాకు అప్పటికే అలవాటు.

నోటిఫికేషన్ పడ్డప్పుడు సాహితి మళ్ళీ దరఖాస్తు పెట్టింది. పెట్టించింది నేనే, బతిమాలి. ఆమె చదివిన రోజుల్లో ఆమె మార్కులకు వెల్దుర్తిలో బ్యానరు కట్టారు. ఇప్పుడు వందకు తొంభైతొమ్మిది తెచ్చుకున్న పిల్లలు వరసలో ఉన్నారు. జాబితాలో మా ఊరికి ఎదురుగా మాచెర్ల అమ్మాయి పేరు వచ్చింది, రేచల్ అని. ఆఫీసుకు గది కావాలని వచ్చింది. అత్తయ్య ఈసారి గోత్రం అడగలేదు, అద్దె అడిగింది.

అట్లా పోస్టాఫీసు మా ముందుగదిలోనే ఉంది. ఎక్కడికీ పోదని అత్తయ్య అన్నది నిజమే. ముద్ర పడే చప్పుడు వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది. సాహితి కూరగాయలు తరుగుతూ ఉంటుంది, నేను పొయ్యి దగ్గర ఉంటాను. ఒక్కోసారి చప్పుడు రెండుసార్లు పడితే, మొదటిది సరిగ్గా పడలేదని ఇద్దరికీ తెలుస్తుంది. శ్రీనాథ్ షాపు ఇంకా సత్తెనపల్లిలోనే ఉంది, సాహితి చెప్పులు ఇప్పుడు శ్రీనాథ్ తెస్తాడు.

మూడేళ్ళు గడిచాయి. రేచల్‌కి పెళ్ళయింది. మొన్న పొద్దున ఆఫీసు తెరిచే ముందు మా వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. కొంగు చాటున కడుపు తెలుస్తోంది.

"అక్కా, నాకు ఫిబ్రవరిలో డేటిచ్చారు. మాచెర్ల పోతా. ఆర్నెల్లు మీరు కూర్చుంటారా? మీకు అలవాటేనంట గదా, యల్లమందన్న చెప్పాడు."

సాహితి పాపకు జడలు వేస్తోంది. ఈ మధ్యే అంగన్‌వాడీకి పంపుతున్నాం.

"నన్నొద్దు రేచల్. సాహితిని అడుగు" అన్నాను. "ఆ పని నాకు నేర్పింది తనే. ప్రేమమ్మ కొడుకు సర్టిఫికెట్టు తెప్పించింది కూడా తనే. నేను పేరు కొట్టేశాను." ఆ చివరి మాట నవ్వుతూ అందామనుకున్నాను. సగం దాకానే నవ్వగలిగాను.

సాహితి తలెత్తలేదు. పాయలు మూడూ వేళ్ళ మధ్య పట్టుకుని, "నేనొద్దులే రేచల్" అంది.

"ఎందుకక్కా? పాప కూడా పెద్దదైందిగా. పెద్ద పనేం కాదు."

"పనికి కాదు. కూచోడం ఎంతసేపు. నువ్వు తిరిగొచ్చిన రోజున లేవాలి గదా. నేను లేస్తానో లేదో."

రేచల్ హాస్యమనుకుని నవ్వింది. సాహితి కూడా నవ్వింది. రెండో జడ కొస రిబ్బనుతో ముడివేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసి, పాపను భుజాలు పట్టుకుని నావైపు తిప్పింది.

"పెద్దమ్మ దించుతుంది, పో" అంది.

నేను పొయ్యి కట్టేసి, పాప చెయ్యి పట్టుకున్నాను. మా ఇంట్లోంచి బయటికి ఇంకో దారి లేదు. ముందుగదిలోంచే పోవాలి.